కథ సరే... ఇంతకీ ఏమంటోందీ?

రా చెల్లీ, ఇలా కూర్చో. ముందు టీ తాగు. ఆ పుస్తకం ఎక్కడికీ పారిపోదు కానీ, మొహం అలా ముడుచుకోకు. నీ దిగులేంటో నాకు తెలుసులే. కథ పట్టుకుంటే చివరిదాకా వదలవు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి మీద ఎవరికి కోపమో, చివరికి ఏమైందో పూసగుచ్చినట్టు చెబుతావు. అదే ఎవరైనా "ఈ కథ ఇతివృత్తం ఏంటండీ?" అని అడిగారనుకో, మాట గొంతులోనే ఆగిపోతుంది.

ఈ బెంగ నీ ఒక్కదానిదే అనుకుంటున్నావా? మనందరిదీను. పెళ్లీ పిల్లలూ ఉద్యోగం మధ్య ఎన్నో ఏళ్లు పుస్తకం ముట్టుకోం. కాస్త తీరిక దొరికాక మళ్లీ మొదలుపెడతాం. నలుగురు కూడి కథల గురించి మాట్లాడుకునే చోటికి ఉత్సాహంగా వెళ్తాం. అక్కడ వస్తువు, శిల్పం, దృక్పథం అంటూ మాటలు దొర్లుతుంటే మనం కుర్చీలో ఒదిగి కూర్చుంటాం. "నేనేమన్నా అంటే తప్పవుతుందేమో" అని. ఇంటికొస్తే పిల్లాడు తెలుగు పుస్తకం తెచ్చి, "అమ్మా, ఈ పాఠం సారాంశం సొంతమాటల్లో రాయమన్నారు" అంటాడు. అప్పుడూ అదే గుబులు. ఇవాళ ఈ గుబులు సంగతేంటో మనిద్దరం తేల్చేద్దాం.

ముందు ఒక మాట చెప్పు. సినిమా చూసి బయటికొచ్చాక మనం ఏం చేస్తాం? పాటలు బాగున్నాయంటాం, హీరోయిన్ చీరలు బాగున్నాయంటాం. ఇంటికొచ్చే దారిలో ఎవరో ఒకరు "ఇంతకీ ఆ తండ్రిది పంతమా, ప్రేమా?" అంటారు. ఇక మొదలు. ఒకరు ప్రేమేనంటారు, ఒకరు పరువు కోసమేనంటారు. ఇల్లు చేరినా వాదన తెగదు. ఆ "ఇంతకీ" దగ్గర మొదలైన మాటల్లోనే ఇతివృత్తం ఉంది. అంటే ఈ పని మనకు కొత్త కాదన్నమాట. చేత్తో పుస్తకం పట్టుకునేసరికి భయపడి, మనకు వచ్చిన పనిని మర్చిపోతున్నామంతే.

మరి ఎక్కడ తడబడుతున్నాం? నేను చూసినంతలో మొదటి తడబాటు ఇదీ: దేని గురించి రాశారో అదే ఇతివృత్తం అనుకోవడం. పిల్లల పాఠ్యపుస్తకం ముందు పేజీల్లో పట్టిక చూసే ఉంటావు. పాఠం పేరు పక్కనే ఇతివృత్తం అని ఒక గడి, అందులో ఒకటి రెండు మాటలు. పిల్లలు అది బట్టీ పట్టి పరీక్షలో దించేస్తారు. మనమూ అలాగే "ఇది వరకట్నం కథ", "ఇది పేదరికం కథ" అని చెప్పేసి ఊరుకుంటాం. అది అబద్ధం కాదు, కానీ సగమే. పేదరికం గురించి కథ ఏమంటోందీ? అక్కడిదాకా వెళ్లాలి మనం.

గురజాడ అప్పారావు గారిని తీసుకో. 'కన్యాశుల్కం' నాటకం 1892లో మొదటిసారి ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. మళ్లీ బాగా పెంచి, మార్చి 1909లో వేశారు. దేని గురించి అంటే, డబ్బు తీసుకుని పసిపిల్లల్ని ముసలివాళ్లకు కట్టబెట్టడం గురించి. ఆ ఆచారం ఇప్పుడు లేదుగా? మరి నాటకం ఇంకా ఎందుకు చదువుతున్నాం, ఎందుకు ఆడుతున్నాం? గిరీశాన్ని చూడు. నోరు తెరిస్తే సంస్కరణ మాటలు, చేసేదంతా తన సుఖం చూసుకోవడం. అగ్నిహోత్రావధాన్లుకి ధర్మం పేరు చెప్పి కూతుర్ని అమ్ముకోవడంలో తప్పే కనపడదు. మధురవాణిని లోకం వేశ్య అని చిన్నచూపు చూస్తుంది, కానీ అందరిలోకీ మనిషితనం, తెలివీ ఉన్నది ఆమెకే. పెద్దమనిషితనం ముసుగు కింద మనుషులు ఎంత డొల్లగా ఉంటారో ఆ నాటకం చెబుతోంది. ఆచారం పోయింది, డొల్లతనం పోలేదు. అందుకే నాటకం నిలిచింది.

అదే గురజాడ గారు 'పూర్ణమ్మ' కూడా రాశారు. అక్కడా డబ్బు కోసం చిన్నపిల్లని ముసలివాడికి ఇచ్చి చెయ్యడమే విషయం. కానీ ఆ పాట చదివాక మనకు నవ్వొస్తుందా? కళ్లు చెమ్మగిల్లుతాయి. నాటకంలో ఆయన పెద్దమనుషుల్ని నిలబెట్టి నవ్వించారు. ఈ గేయకథలో మాత్రం, అందరినీ ప్రేమించిన ఒక పసిపిల్ల ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా కోనేటి దారి పడుతుంది. విషయం ఒకటే, రాసిందీ ఒకరే. చెప్పిన మాట మాత్రం వేరు. నాటకం సమాజం మొహం మీద అద్దం పెడితే, గేయం ఆ సమాజం బలి తీసుకున్న బిడ్డ పక్కన కూర్చుని ఏడుస్తుంది. అందుకే చెల్లీ, కథ ఏ గొంతుతో మాట్లాడుతోందో కూడా వినాలి. నవ్వుతోందా, మండిపడుతోందా, జాలిపడుతోందా? గొంతు పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇంకో జత చెప్తాను, ఇది మన ఇళ్లకు మరీ దగ్గర. 1910లో వచ్చిన గురజాడ గారి 'దిద్దుబాటు' తెలుసుగా? భోగం మేళాల మోజులో పడి అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చే భర్త గోపాలరావు. ఓ రాత్రి వచ్చేసరికి భార్య కమలిని లేదు, ఉత్తరం రాసి పెట్టి వెళ్లిపోయింది. అతను గిలగిలలాడిపోతాడు. తప్పు తెలుసుకుంటాడు. చివర్లో ఆమె ఆ గదిలోనే మంచం కింద దాక్కుని ఉందని తెలుస్తుంది. ఇక పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు అలకడంలో, ముగ్గులు పెట్టడంలో మునిగిపోయి ఒకరోజు తన పేరే మర్చిపోతుంది. వాళ్లనీ వీళ్లనీ అడుగుతుంది. అమ్మగారనో, అమ్మ అనో, ఫలానా ఆయన భార్య అనో చెబుతారు కానీ, పేరు ఎవరూ చెప్పరు. చివరికి పాత స్నేహితురాలు కనబడి "శారదా" అని పిలిచాక గానీ ఆమెకు ఆమె దొరకదు.

రెండూ మొగుడూ పెళ్లాల కథలే. చదువుకున్న భార్య కథలే. మరి రెండూ ఒకటే చెబుతున్నాయా? లేదుగా! మొదటి కథలో మారింది భర్త. భార్య తన తెలివితో అతన్ని దారిలో పెట్టింది. ఆ కాలానికి ఆడదాని చదువు గురించి అది ఎంత పెద్ద మాటో ఆలోచించు. రెండో కథలో ఆమె ఎవరినీ దిద్దడానికి బయల్దేరలేదు. ఇంటి పనిలో కరిగిపోయిన తనని తను వెతుక్కుంది. ఇల్లు ఎంత అద్దంలా ఉంచినా, ఆ ఇంట్లో నీ పేరు నువ్వే మర్చిపోతే అది నీ ఇల్లు ఎలా అవుతుందని ఆ కథ అడుగుతోంది. ఇదంతా నేనెలా పట్టుకున్నాననుకున్నావు? ఒకే ఒక్క ప్రశ్నతో. కథ మొదట్లో ఉన్న మనిషికీ, చివర్లో ఉన్న మనిషికీ మధ్య ఏం మారింది? ఈ ప్రశ్న కాస్త కొంగున ముడివేసుకో. ఏ కథ చదివినా ముందు ఇదే అడుగు.

రెండో తడబాటుకి వద్దాం. ఇది మన పెంపకంలోంచి వచ్చింది. చిన్నప్పుడు కథ అవగానే "ఇందులో నీతి ఏమిటి?" అని అడిగేవారుగా. దాంతో పెద్దయ్యాక కూడా ప్రతి కథలోనూ ఒక నీతి వెతుకుతాం. దొంగతనం చెయ్యరాదు, అబద్ధమాడరాదు, పెద్దల మాట వినాలి. నీతికథల్లో అది చెల్లుతుంది. కానీ పెద్ద కథలు అలా వేలు చూపించి చెప్పవు.

పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' ఉంది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక పెట్టిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్న కథ. రావుగారు పెద్ద లాయరు. జీవితమంతా సూత్రాలు, పద్ధతులు. ఉపన్యాసం ఇవ్వడానికి రైల్లో వెళ్తుంటే ఒక బిచ్చగత్తె ఎక్కి అందరినీ నవ్వుతూ అడుక్కుంటుంది. ఈయన చెయ్యి విదల్చడు. స్టేషన్లో దిగాక భయంకరమైన గాలివాన. ప్రాణభయంతో వణికిపోతున్న ఆయనకు ఆ రాత్రి తోడు నిలిచింది ఆ బిచ్చగత్తే. ధైర్యం చెప్పింది, ఆసరా ఇచ్చింది. పొద్దున చూస్తే శిథిలాల కింద ఆమె చనిపోయి ఉంది. ఆమె చేతిలో ఆయన పర్సు!

ఇప్పుడు చెప్పు, "దొంగతనం తప్పు" అనేది ఈ కథ చెప్పే మాటంటే మనసు ఒప్పుకుంటుందా? ఒప్పుకోదుగా. ఎందుకంటే పర్సు చూశాక కూడా రావుగారు ఆమెను దొంగగా చూడలేకపోయాడు. మన చేతా చూడనివ్వలేదు రచయిత. ఒక్క రాత్రి గాలివాన ఆయన కట్టుకున్న సూత్రాల ఇల్లంతా కూల్చేసి, కింద ఉన్న మనిషిని బయటికి తీసింది. మనుషుల్ని మంచీ చెడూ అని గీత గీసి విడదీయడం ఎంత తేలికో, ఆపదలో ఒకరికొకరు కావలసి వచ్చినప్పుడు ఆ గీత ఎంత తేలిగ్గా చెరిగిపోతుందో ఈ కథ చూపించింది. నీతి మనకు ఏం చెయ్యాలో చెబుతుంది. ఇలాంటి కథ మాత్రం మనుషులు ఎలా ఉంటారో చూపించి, మనల్ని ఆలోచించుకోమంటుంది. నువ్వు అనుకున్న మాట కథ ముగింపుకి అడ్డం పడుతోందంటే ఆ మాట మార్చుకోవాల్సిందే.

సరే అక్కా, ఇదంతా వింటుంటే బాగానే ఉంది, రేపు ఒంటరిగా కథ ముందు కూర్చున్నప్పుడు ఎలా అంటావా? చెప్తాను, బుద్ధిగా విను.

మొదటిసారి చదివేటప్పుడు ఇతివృత్తం ఊసే ఎత్తకు. హాయిగా కథలా చదువుకో. నవ్వొస్తే నవ్వు, ఏడుపొస్తే ఏడువు. ఎక్కడ గొంతు పట్టేసిందో, ఎక్కడ కోపమొచ్చిందో అక్కడ పెన్సిలుతో చిన్న గీత పెట్టు. ఎందుకంటావా? రచయిత ఎక్కువ శ్రద్ధ పెట్టిన చోటే మన మనసు కదులుతుంది చాలాసార్లు. ఆ రోజుకి పుస్తకం మూసెయ్. వంట చేసుకుంటూ, బస్సులో వెళ్తూ కథ తలుచుకో. ఏ దృశ్యం వద్దన్నా గుర్తొస్తోందో చూడు.

మర్నాడు ఒక నోటుబుక్కు తీసుకో. పిల్లల పాత నోట్సు వెనక ఖాళీ కాగితాలైనా సరే. నాలుగు చిన్న జవాబులు రాయి. ఈ మనిషికి ఏం కావాలి? అది దొరక్కుండా అడ్డుపడింది ఎవరు, లేదా ఏది? దాని కోసం ఏం పోగొట్టుకున్నారు? చివరికి ఎక్కడ తేలారు? తర్వాత కథలో మళ్లీ మళ్లీ వచ్చిన వస్తువో, పనో, మాటో ఉంటే పక్కన రాసుకో. 'ఇల్లలకగానే'లో అలకడం, ముగ్గు వెయ్యడం ఊరికే వచ్చాయా? పేరు కూడా వదలకు. ఇల్లు అలకగానే పండగ అయిపోతుందా అనే మన సామెతలోంచే ఆ పేరు వచ్చింది. కథంతా ఆ సామెతలోనే ఉంది.

ఇప్పుడు ఒక్క వాక్యం రాయి. ఒక్క మాట కాదు, పూర్తి వాక్యం. అందులో పాత్రల పేర్లు ఉండకూడదు. "శారద తన పేరు మర్చిపోయింది" అంటే అది జరిగిన సంగతి. "ఇంటికి తనను తాను పూర్తిగా ఇచ్చేసుకున్న ఆడది తన ఉనికినే పోగొట్టుకుంటుంది, దాన్ని తనే వెతికి తెచ్చుకోవాలి" అంటే అది కథ చెప్పిన మాట. తేడా తెలిసిందిగా? పేర్లు తీసేయగానే ఆ మాట ఆ పాత్రని దాటి నా దగ్గరికీ, నీ దగ్గరికీ వచ్చేస్తుంది.

రాసిన వాక్యాన్ని ఊరికే వదలకు, కాస్త పరీక్ష పెట్టు. కథలో ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపించగలవా? ముగింపుతో పొసుగుతోందా? ముఖ్యమైన పాత్ర ఎవరైనా ఈ వాక్యంలో ఇమడకుండా బయట మిగిలిపోయారా? మూడింటికీ సరేనంటే ఇక ధైర్యంగా నలుగురిలో చెప్పు. ఎక్కడైనా తేడా కొడితే వాక్యాన్ని కాస్త సవరించుకో. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. మనం రోజూ మాట్లాడుకునే తెలుగు చాలు.

కవితల దగ్గర కథ ఉండదు కదా అని బెంగపడకు. అక్కడ ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఎక్కడ గొంతు మారింది అని చూసుకో. మొదట్లో ఉన్న భావం చివరికి ఏమైందో చూస్తే దారి దొరుకుతుంది.

"ఇంత చేశాక కూడా నా మాట తప్పైతే?" అంటావు. ఆ భయం కూడా తీసేస్తాను ఉండు. కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' కథలో అప్పు తీర్చడానికి తండ్రి ఉన్న భూమి రాసివ్వడానికి ఒప్పుకుంటాడు. ఆ తండ్రి కొడుకు మాత్రం, తన బిడ్డ జీతగాడిగా బతకడం కంటే చావడమే మేలనుకుని ఆ పసివాణ్ణి చంపేస్తాడు. ఆ ముగింపు సబబేనా, దానితో కథ ఏం చెప్పిందని పేరున్న విమర్శకులే ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అంతంత చదివినవాళ్లకే ఒక్క మాట మీద ఏకాభిప్రాయం కుదరలేదంటే, మనకు సందేహం రావడంలో సిగ్గుపడాల్సిందేముంది? మంచి కథలో ఒకటికి మించి మాటలుంటాయి. 'దిద్దుబాటు'నే చూడు. ఆనాటి పాఠకులు భార్య తెలివిని మెచ్చుకుని ఉంటారు. ఈనాటి అమ్మాయి "భర్తని దిద్దే బాధ్యత కూడా ఆమెదేనా?" అని అడిగితే అదీ న్యాయమైన ప్రశ్నే.

అలాగని ఏమన్నా చెల్లుతుందని కాదు సుమా. మన సొంత బాధలు తెచ్చి కథ మీద రుద్దకూడదు. ఆడపడుచుతో మనకు గొడవుందని ప్రతి కథలోనూ ఆడపడుచునే తప్పు పడితే అది చదవడం కాదు. నువ్వు అనేదానికి కథలో ఆధారం ఉందా, అంతే చూసుకో. ఆధారం ఉంటే నీ మాట నిలుస్తుంది. పక్కావిడ వేరే మాట చెప్పినా కంగారుపడకు. ఆవిడ ఆధారం కూడా విను. అప్పుడు కథ నీకు ఇంకాస్త పెద్దదిగా కనిపిస్తుంది.

ఇక పిల్లల సంగతి. వాడు పుస్తకం తేగానే జవాబు నువ్వే చెప్పేయకు. గైడులో చూసి రాసుకోమనకు. పక్కన కూర్చోబెట్టుకుని, "ఇందులో నీకు ఎవరు నచ్చారు? ఎందుకు? చివర్లో వాళ్లు ఎందుకలా చేశారు? నువ్వైతే ఏం చేసేవాడివి?" అని అడుగు. వాడు చెప్పిన మాటల్నే కాస్త సర్ది రాయించు. వాక్యం వంకరగా ఉన్నా పర్లేదు, ఆలోచన వాడిదైతే చాలు. ఇలా నాలుగు పాఠాలు చేశాక వాడే వచ్చి నీకు చెబుతాడు చూడు. వేరే దేశంలో తెలుగు అంతంత మాత్రంగా చదివే పిల్లలున్న ఇళ్లల్లో అయితే నువ్వే కథ చదివి వినిపించు. కథ వింటూ మాట్లాడుకోవడానికి అక్షరాలు అన్నీ రావాలని లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలంటావా? చిన్న కథలతోనే. నవలలు తర్వాత. పైన చెప్పినవే వరసగా చదువు. 'దిద్దుబాటు' పది నిమిషాల్లో అయిపోతుంది, 'ఇల్లలకగానే' కూడా చిన్నదే. తర్వాత 'గాలివాన', మనసు కాస్త గట్టిపడ్డాక 'యజ్ఞం'. చాగంటి సోమయాజులు గారి కథలూ చదువు. 'ఎంపు'లో ఒక ముష్టి తండ్రి కూతురికి మొగుణ్ణి ఎంచే తీరు చదివాక, మన ఇళ్లలో పెళ్లిచూపుల మాటలు కొత్తగా వినిపిస్తాయి. పుస్తకాలు దొరకవనే బెంగ వద్దు. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో 'కథానిలయం' స్థాపించి తెలుగు కథలన్నిటినీ ఒక్కచోట చేర్చే పని తలకెత్తుకున్నారు. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో బోలెడన్ని పాత కథలు చదువుకోవచ్చు. కాస్త చెయ్యి తిరిగాక, ఇంకా లోతుకు వెళ్లాలనిపిస్తే వల్లంపాటి వెంకటసుబ్బయ్య గారి 'కథాశిల్పం' తెచ్చుకో. సాహిత్య అకాడమీ బహుమతి పొందిన విమర్శ గ్రంథం, కథ ఎలా కట్టుకుంటారో ఓపిగ్గా చెబుతుంది. అది మాత్రం మొదటే తెరవకు. ముందు కథలు, ఆ తర్వాతే కథల గురించి పుస్తకాలు.

ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకో. ఇతివృత్తం పట్టుకోవడం పరీక్షలో మార్కుల కోసమో, నలుగురిలో గొప్ప కోసమో కాదు. వేరొకరి బతుకు చదివి, అందులోంచి మన బతుక్కి ఒక మాట తెచ్చుకోవడానికి. రాసినవాళ్లు మనలాంటి వాళ్లు చదువుతారనే రాశారు. మనకు అర్థం కాకూడదని ఎవరూ రాయరు. అందుకని ఈ వారం పెద్ద పని ఏదీ పెట్టుకోకు. ఒక్క కథ చదువు, ఒక్క వాక్యం రాయి. వచ్చే ఆదివారం ఆ నలుగురిలో కూర్చున్నప్పుడు వెనక్కి ఒదిగిపోకుండా ఆ వాక్యం పైకి చదువు. నీ మాట కూడా అక్కడ అవసరమే చెల్లీ.